సొంత కణాలతో పెంచే గుండె వాల్వు కోసం ఆగొచ్చా? అక్కకు ఆపరేషన్ అంటున్నరు

నర్సంపేట_తమ్ముడు:
అందరికి నమస్తే. మా అక్కకు 24 ఏండ్లు. పెండ్లి అయినంక దమ్ము ఎక్కువైంది, మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుతది. చిన్నప్పుడు జ్వరం, మోకాళ్ల వాపు వచ్చి పోయేటియి, ఎవ్వరం పట్టించుకోలె. వరంగల్ ఎంజీఎం దవాఖానల ఎకో తీస్తే గుండె ఎడమ దిక్కున్న మైట్రల్ వాల్వు సన్నబడ్డది, లీకు గూడ ఉన్నది అన్నరు. హైదరాబాద్ తీస్కపోయినం. బెలూన్‌తోని వాల్వు వెడల్పు చేసుడు కాదు, వాల్వు మార్చుడే అన్నరు. మెకానికల్ పెడితే బతికినన్ని దినాలు రక్తం పలుచబడే గోలీలు, అవి వేసుకుంట గర్భం అంటే తిప్పలట. జంతువు వాల్వు పెడితే కొన్నేండ్లకు మళ్ళ ఆపరేషన్.
మా బావ ఎక్కడనో వీడియో చూసిండు. మనిషి సొంత కణాలతోనే ల్యాబుల వాల్వు పెంచుతున్నరు, అది పెడితే గోలీలు అక్కర లేదు, మళ్ళ మార్చుడు అక్కర లేదు అని. "రెండు మూడేండ్లు ఆగుదాం" అంటున్నడు. అక్క గూడ అదే పట్టుకొని కూసున్నది. నిజంగ వస్తదా? మన దగ్గర ఎక్కడన్న పెడుతున్నరా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

ఎనుమాముల_మిర్చి:
యూట్యూబ్‌ల గుండె, కిడ్నీ, కాలేయం అన్ని పెరుగుతున్నయి తమ్మీ. నా చేన్ల మిర్చి ఒక్కటే పెరుగుతలేదు.
నవ్వులాట పక్కకు పెట్టు. దమ్ము వస్తున్న మనిషిని ఏండ్లకేండ్లు ఆపుడు నాకైతే మంచిగ అనిపిస్తలేదు. తెలిసినోళ్లు వస్తరు, ఆగు.

వడ్డేపల్లి_కట్ట:
తమ్ముడూ, నేను డాక్టర్‌ను కాను. బయోమెటీరియల్స్ మీద, అంటే శరీరంలో పెట్టే పదార్థాల మీద పరిశోధన చేస్తాను, ఈ వాల్వుల సంగతి కొంత చదివినవాణ్ణి. ఆ వీడియో వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ అది మీ అక్క వాల్వు గురించి కాదు. ఈ తేడా వీడియోల్లో చెప్పరు.
1995లో బోస్టన్‌లో గొర్రెపిల్ల కణాలు తీసి, శరీరంలో కరిగిపోయే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) జాలీ మీద పెంచి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలో ఉండే దాని పల్మనరీ వాల్వులో ఒక్క రెక్కను మార్చారు. ఒక్క రెక్కే. 2000లో మూడు రెక్కల పూర్తి వాల్వును అలాగే పెంచి గొర్రెపిల్లలకు పెట్టారు. పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. ఆకారం కోసం ఒక జాలీ, దాని మీద రోగి నుంచి తీసిన కణాలు, తర్వాత పంపులాంటి యంత్రంలో ఉంచి ద్రవాన్ని గుండె కొట్టుకున్నట్టే పోనివ్వడం. ఆ ఒత్తిడి తగిలితేనే కణాలు కొల్లాజెన్ అనే గట్టి పీచును అల్లుతాయి. ఊరికే డిష్‌లో ఉంచితే మెత్తటి పొర వస్తుంది తప్ప వాల్వు రాదు.
చిక్కు వాల్వు లోపలికి వెళ్లాక మొదలవుతుంది. బతికున్న కణాలు తాము అల్లిన దాన్నే లాగి పట్టుకుంటాయి. రెక్కలు మెల్లగా ముడుచుకుపోతాయి. రెక్క కురచైతే అంచులు కలవవు, రక్తం వెనక్కి కారుతుంది. ఈ ఒక్క సమస్య చాలా ల్యాబులను ఏళ్ల తరబడి ఆపేసింది. గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది, కొంచెం కురచైనా దాచడానికి వీలుండదు.

నెక్కొండ_బావ:
వీడియో చూసిన బావను నేనే. నన్ను యూట్యూబ్ మనిషిని చేసిండ్రు, పర్వాలేదు. కట్ట సార్, ఒక మాట. 2007లనే లండన్‌ల మాగ్ది యాకూబ్ అనే పెద్ద సర్జన్ ఎముక మజ్జల నుంచి తీసిన మూలకణాలతో వాల్వు కణజాలం పెంచిండని పేపర్లల్ల వచ్చింది. మూడేండ్లల్ల మనుషులకు రావచ్చని గూడ రాసిండ్రు. అప్పటి నుంచి ఇన్నేండ్లాయె. ఇంత కాలం పని చేసినంక ఇప్పుడైనా దగ్గరికి రాలేదంటే నమ్మాలె అంటరా? నా భార్యకు ఛాతీ కోసుడు ఒక్కసారే కావాలని నా ఆలోచన. దాంట్ల తప్పేమున్నది?

వడ్డేపల్లి_కట్ట:
తప్పేమీ లేదు అన్నా, మీ ప్రశ్న న్యాయమైనదే. ఆ వార్త నాకూ గుర్తుంది. వాళ్లు చూపించింది వాల్వు రెక్కలా పనిచేయగల కణజాలం, గుండెలో పెట్టడానికి సిద్ధమైన వాల్వు కాదు. "మూడేళ్లు" అన్న మాటే హెడ్‌లైన్లలోకి ఎక్కింది. యాకూబ్ గారు మామూలు మనిషి కాదు. ఈజిప్టులో పుట్టి, ఇంగ్లండ్‌లో హేర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో గుండె మార్పిడులు చేసి పేరు తెచ్చుకుని, తర్వాత అస్వాన్‌లో పేదలకు ఉచితంగా చూసే గుండె ఆసుపత్రి పెట్టించారు. అంతటి మనిషి వెనక ఉన్నా పని అంత తొందరగా తెమలలేదు. ఆయన బృందం కూడా తర్వాత వేరే దారి పట్టింది: ముందే కణాలు పెంచకుండా ఖాళీ జాలీని గుండెలో పెట్టి, శరీరమే దాన్ని తన కణాలతో నింపుకునేలా చేయడం.
ఈ రంగం మొత్తం అటే తిరిగింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు గొర్రె చర్మ కణాలతో గొట్టాలు పెంచి, ఆ కణాలను కడిగేసి, మిగిలిన కొల్లాజెన్ గొట్టాలను మూడింటిని కలిపి కుట్టి వాల్వుగా చేశారు. గొర్రెపిల్లలకు పెడితే పిల్లతో పాటు వాల్వు కూడా పెరిగింది. అది 2021లో అచ్చయింది. అక్కడ కణాలు రోగివి కావు, వేరే జంతువువి, అవి కూడా కడిగేసినవే. అంటే "మీ కణాలు ఇవ్వండి, మీ వాల్వు పెంచి ఇస్తాం" అన్న పద్ధతిని ఈ పని చేసేవాళ్లే చాలామంది పక్కన పెట్టారు. ఒక్కో రోగికి వారాల తరబడి విడిగా పెంచాలి, ఈలోపు ఇన్ఫెక్షన్ భయం, ఖర్చు.

మందులషాపు_కాజీపేట:
మనుషులకు ఒక్కరికి గూడ పెట్టలేదా మరి?

వడ్డేపల్లి_కట్ట:
పెట్టారు సార్. చనిపోయిన దాత నుంచి తీసిన వాల్వులో కణాలన్నీ కడిగేసి, దాని మీద రోగి సొంత కణాల పొర పెంచి, 2000లో బెర్లిన్‌లో ఒక రోగికి పెట్టారు. 2002లో మోల్డోవాలో ఇద్దరు పిల్లలకు అలాగే పెట్టారు, ఆ వాల్వులు పిల్లలతో పాటు ఎదిగినట్టు 2006లో రాశారు. ఇవన్నీ పల్మనరీ వాల్వులే, గమనించండి.
ఇంకో వైపు కూడా ఉంది. అదే కాలంలో వియన్నాలో, కణాలు కడిగేసిన పంది వాల్వులు నలుగురు పిల్లలకు పెట్టారు. ముగ్గురు చనిపోయారు. కడిగామనుకున్నది పూర్తిగా కడగబడలేదు, శరీరం దాని మీద విరుచుకుపడింది. గొర్రెల్లో బాగా నడిచిందే మనుషుల్లో అలా అయింది. మూడేళ్లు అని రాసిన పేపర్లు ఇది కూడా గుర్తు చేసి ఉంటే బాగుండేది.

ఐసీయూ_నైట్‌డ్యూటీ:
పరకాల మాది, హైదరాబాద్‌ల గుండె ఆపరేషన్ల ఐసీయూల నర్సుగ చేస్తున్న. కట్ట గారు పల్మనరీ పల్మనరీ అని ఎందుకు ఒత్తి చెప్తున్నరో నేను చెప్త తమ్ముడూ. పల్మనరీ వాల్వు ఊపిరితిత్తుల దిక్కు ఉంటది, అక్కడ ప్రెషర్ 25 దగ్గర. మీ అక్క చెడిపోయిన మైట్రల్ ఎడమ దిక్కు. గుండె పిండినప్పుడల్ల ఆ వాల్వు 120 ప్రెషర్‌కు అడ్డం నిలవాలె. పైగా దాని రెక్కలు తాళ్లతోని కింది కండరాలకు కట్టి ఉంటయి. ల్యాబుల రెక్కలు పెంచినా ఆ తాళ్లు, కండరం ఎట్ల పెంచుతరు? అందుకే ఎక్కడ చూసినా మొదలు పల్మనరీకే చూస్తున్నరు.
ఇంకోటి. ఆగుదాం అంటే ఊకె ఆగుడు కాదు. వాల్వు సన్నబడితే రక్తం వెనకకు ఊపిరితిత్తులల్ల నిలుస్తది. అక్కడ ప్రెషర్ పెరుగుకుంట పోయి ఒక హద్దు దాటితే తర్వాత వాల్వు మార్చినా పూర్తిగ దిగదు. గుండె పై గది ఉబ్బి లయ తప్పుతది, అక్కడ గడ్డ కట్టి మెదడుకు పోతే పక్షవాతం. ఇరువై, ముప్పై ఏండ్ల ఆడపిల్లలు మాట పడిపోయి వచ్చుడు నేను చూసిన. ఈ ఆగే కాలంల గర్భం వస్తే ఇంకా కష్టం, గర్భంల రక్తం దాదాపు సగం మందం పెరుగుతది, సన్నబడ్డ వాల్వు అంత రక్తాన్ని పోనియ్యదు. కొందరికి గర్భంలనే మొదటిసారి బయటపడతది ఈ జబ్బు.
బావ గారూ, మీరు మంచికే అంటున్నరు. కని ఆగితే చెడేది వాల్వు ఒక్కటే కాదు.

జగిత్యాల_అమ్మ:
మా బాబుకు పుట్టుకతోనే గుండెల రంధ్రం, పల్మనరీ దారి సన్నం. చిన్నప్పుడు ఆపరేషన్ అయింది. పెద్దయ్యేకొద్ది ఆ దిక్కు వాల్వు మార్చాల్సి వస్తదని ముందే చెప్పిండ్రు. పెట్టినది వాడితో పెరగదు కదా. ఆయన దుబాయ్‌ల ఉంటడు, ఫోన్ల రోజూ ఇదే ముచ్చట. కట్ట సార్ చెప్పినవి చదువుతుంటే అసలు ఈ కొత్త వాల్వులు మా బాబు లాంటోళ్లకే అనిపిస్తున్నది. నిజమేనా?

వడ్డేపల్లి_కట్ట:
నిజం అక్కా. ఈ పని మొత్తం ఎవరి కోసం మొదలైందంటే మీ బాబు లాంటి పిల్లల కోసమే. ఇప్పుడున్న వాల్వు ఏదీ పిల్లతో పెరగదు, అందుకే మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు. యూరప్‌లో 2016 నుంచి శరీరంలో మెల్లగా కరిగిపోయే పాలిమర్ వాల్వు గొట్టాలను కొందరు పిల్లలకు పల్మనరీ స్థానంలో పెట్టి చూస్తున్నారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 2022లో ఇంకో దారి తీశారు: దాత గుండె మొత్తం కాకుండా, బతికున్న వాల్వులు ఉన్న భాగాన్నే ఒక పసిబిడ్డకు అమర్చారు. ఆ వాల్వులు బిడ్డతో పాటు పెరుగుతున్నాయని 2024లో అచ్చు వేశారు. ల్యాబులో పెంచడానికి ఇన్నేళ్లు తంటాలు పడుతుంటే ఒక సర్జన్ పక్క దారిన ఊరు చేరినట్టు అయింది. దాత దొరకాలి, గుండె మార్పిడిలో లాగే మందులు వాడాలి, అది వేరే సంగతి.
మీ బాబుకు వాల్వు మార్చే సమయం ఎప్పుడన్నది పిల్లల గుండె డాక్టర్ ఎంఆర్ఐ, ఎకో చూసి చెప్తారు. వాళ్ల ఫాలోఅప్ మాత్రం తప్పించకండి.

టిక్‌టిక్_కరీంనగర్:
నా దగ్గర మెకానికల్ వాల్వు ఉన్నది, చిత్రా వాల్వు. రాత్రి అంత నిశ్శబ్దమైతే టిక్కు టిక్కుమని వినిపిస్తది, మా ఇంటామెకు అది వింటేనే నిద్ర పడతదట.
ఇది మన దేశంలనే చేసింది తమ్మీ. తిరువనంతపురంల శ్రీచిత్ర తిరునాళ్ సంస్థల డాక్టర్ వలియత్తాన్ బృందం ఏండ్ల కొద్ది కొట్లాడి చేసిండ్రు. మొదట చేసిన నమూనాలు ఒకటెనక ఒకటి విఫలమైనయి. చివరికి ఒక ప్లాస్టిక్ బిళ్ళ, లోహపు పంజరం, చుట్టూ పాలిస్టర్ గుడ్డతో చేసింది నిలబడ్డది. 1990 డిసెంబర్‌ల మొదటి మనిషికి పెట్టిండ్రు. లక్షకు పైన మందికి పెట్టిండ్రు ఇప్పటికి. విదేశీ వాల్వు కొనలేని దేశంల పుట్టిన వాల్వు ఇది. వలియత్తాన్ సార్ 2024ల పోయిండు, ఆ రోజు నేను ఇంట్ల దీపం పెట్టిన.
గోలీల సంగతి. రక్తం ఎంత పలుచగ ఉన్నదో చెప్పే పీటీ ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంట ఉండాలె. మైట్రల్ మెకానికల్‌కు మామూలుగ 2.5 నుంచి 3.5 మధ్యల ఉంచుమంటరు. పాలకూర, పుంటికూర అసలే తినొద్దని పక్కింటోళ్లు చెప్తరు, నమ్మకుండ్రి. ఒక వారం కట్టలు కట్టలు తిని, ఇంకో వారం ముట్టకపోతేనే లెక్క తప్పుతది. నేను తింట, మితంగ, ఎప్పుడూ ఒక్క తీరుగ.

మందులషాపు_కాజీపేట:
ఒకటి కలుపుత. ఇప్పుడు ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర లేని కొత్త బ్లడ్ థిన్నర్లు వచ్చినయి, "అవి ఇయ్యుండ్రి, రక్తం తీసుడు బాధ పోతది" అని వస్తరు. మెకానికల్ వాల్వుకు అవి పనికిరావు. దబిగాట్రాన్ మీద చేసిన పరీక్షల గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువైనయని మధ్యలనే ఆపేసిండ్రు. రుమాటిక్ జ్వరంతోని (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చేది) చెడిన మైట్రల్‌కు రివరాక్సబాన్ అనే ఇంకో కొత్త మందు కూడ పాత మందుకంటె తక్కువ పడ్డది, 2022ల వచ్చింది ఆ ఫలితం. షాపుల ఎవ్వరన్న మార్చి ఇస్తే తీసుకోకుండ్రి. అట్లనే నొప్పికి అని ఏది పడితే ఆ గోలీ మింగొద్దు, ఐఎన్‌ఆర్ ఎటో పోతది.

నెక్కొండ_బావ:
అందరు చెప్పేది చదివిన. మైట్రల్‌కు ఇంకా రాలేదు, ఒప్పుకుంట. కని ఒక సందేహం మిగిలింది. హన్మకొండల ఒకాయన కలిసిండు. "ఇప్పుడే మీ ఆమె మూలకణాలు తీసి దాచిపెడితే, రేపు టెక్నాలజీ వచ్చినప్పుడు వాల్వు చేయొచ్చు" అన్నడు. మంచి మొత్తమే అడుగుతున్నడు. ఈ ఆపరేషన్ చేయించి, అది గూడ చేయిస్తే నష్టమా?

వడ్డేపల్లి_కట్ట:
ఇయ్యకండి అన్నా. కరాఖండీగా చెప్తున్నాను. భారత వైద్య పరిశోధన మండలి మూలకణాల మార్గదర్శకాలు 2017లోవి ఉన్నాయి. వాటి ప్రకారం రక్త జబ్బులకు చేసే మజ్జ మార్పిడి లాంటి ఒప్పుకున్న చికిత్సలు తప్ప మిగతాదంతా ప్రయోగమే, అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్ లోపలే చేయాలి, ట్రయల్లో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా ట్రయల్ అంటే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు అడగండి. నంబరు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.
ఇంకో లోతైన సంగతి ఉంది, ఇది నేను మన ప్రాంతం జబ్బుల గురించి ఆలోచించినప్పుడల్లా తొలుస్తుంటుంది. మీ ఆవిడ వాల్వు ఎందుకు చెడింది? గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి చేరింది, దాని మీదికి పోయిన రోగనిరోధక శక్తి పోలిక చూసి సొంత వాల్వునే కొట్టింది, అదే రుమాటిక్ జ్వరం. అంటే ఇక్కడ దెబ్బ తిన్నదే సొంత కణాల వాల్వు. దాని స్థానంలో మళ్ళీ సొంత కణాల వాల్వు పెడితే, జ్వరం మళ్ళీ వస్తే అదీ దెబ్బ తినదని ఎవరు చెప్పగలరు? ఇది ఊహ కాదు. 1967లో డొనాల్డ్ రాస్ మొదలుపెట్టిన ఆపరేషన్ ఒకటి ఉంది, రోగి పల్మనరీ వాల్వునే తీసి, ఒంటికి రక్తం పోయే దారిలోని అయోర్టిక్ వాల్వు చోట పెడతారు. బతికున్న సొంత వాల్వు, బ్లడ్ థిన్నర్ అక్కర లేదు. మన దేశంలో చిన్న వయసు రుమాటిక్ రోగులకు చేస్తే కొందరిలో ఆ మార్చిన వాల్వుకూ రుమాటిక్ పట్టిందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు రాశారు. పంది వాల్వుకు, లోహానికి ఆ బెడద లేదు. బోస్టన్‌లో కూర్చుని వాల్వు పెంచేవాళ్లకు ఈ చింత పెద్దగా ఉండదు, వాళ్ల ఊళ్లో రుమాటిక్ జ్వరం దాదాపు పోయింది. మనకు ఉంది.

నెక్కొండ_బావ:
ఇది ఎవ్వరు చెప్పలేదు నాకు. హన్మకొండ ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్త.

ఎనుమాముల_మిర్చి:
ఫోన్ గూడ దండుగ అన్నా. నంబర్ తీసెయ్యి.

నర్సంపేట_తమ్ముడు:
అక్కకు కూసోబెట్టి ఇవన్ని చదివి వినిపించిన. ఆపరేషన్‌కు ఒప్పుకున్నది. ఇప్పుడు ఏ వాల్వు అన్నదే లొల్లి. ఆమెకు పిల్లలు కావాలె. నైట్‌డ్యూటీ అక్కా, మీ దగ్గర ఇట్లాంటోళ్లకు ఏం జేస్తరు?

ఐసీయూ_నైట్‌డ్యూటీ:
తమ్ముడూ, ఆఖరి మాట సర్జన్‌దే, నేను చూసింది చెప్త. ముందు ఒకటి అడుగుండ్రి: వాల్వు రిపేరు అయితదా అని. రెక్కలు మరీ గట్టిపడకపోతే కొన్ని చోట్ల రిపేరు చేస్తరు, రుమాటిక్‌ల కష్టమే గని అడుగుడుల పోయేదేమున్నది. బెలూన్ కాదన్నది లీకు ఉండబట్టే కావచ్చు, పై గదిల గడ్డ ఉన్నా బెలూన్ చేయరు.
మెకానికల్ పెడితే గర్భంల పెద్ద చిక్కు. రక్తం పలుచబడే వార్ఫరిన్ లాంటి గోలీ గర్భం ఆరో వారం నుంచి పన్నెండో వారం దాక బిడ్డకు లోపాలు తెచ్చే భయం ఉన్నది, డోసు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఆపేసి రక్తం పలుచ చేసే హెపారిన్ సూదులకు మారితే వాల్వు మీద గడ్డ భయం తల్లికి. రెండింటి నడుమ డాక్టర్లు చాన జాగ్రత్తగ నడిపిస్తరు. గోలీ మింగుకుంట నెల తప్పిన సంగతి ఆలస్యంగ తెలిసి వచ్చినోళ్లు ఉన్నరు. అందుకే పిల్లలు కావాలనుకునే వాళ్లకు టిష్యూ వాల్వు, అంటే జంతువు వాల్వు గురించి మాట్లాడతరు. దాని కష్టం వేరు: వయసు చిన్నదైతే తొందరగ సున్నం పట్టి గట్టిపడతది, పెద్దోళ్లకు వచ్చినన్ని ఏండ్లు రాదు. మళ్ళ ఆపరేషన్ రాసి ఉన్నట్టే. అప్పటికి కాలు దిక్కు నుంచి తీగతోని పాత వాల్వు లోపల కొత్తది పెట్టే వీలు ఉండొచ్చు, అందరికి కుదరదు.
అక్కను, బావను ఇద్దరిని కూసోబెట్టి సర్జన్‌తోని, ప్రసూతి డాక్టర్‌తోని మాట్లాడియ్యి. అత్తగారు, మామగారు గదిల లేకపోతే ఇంకా మంచిది, అమ్మాయి నోరు తెరుస్తది.

టిక్‌టిక్_కరీంనగర్:
పైసల సంగతి అడగలేదు గని చెప్త. వాల్వు మార్పిడి ఆరోగ్యశ్రీల ఉన్నది. 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి హద్దు 10 లక్షలు చేసిండ్రు. నిమ్స్‌ల గాని, ప్యానెల్‌ల ఉన్న ప్రైవేట్‌ల గాని చేస్తరు. ఏ వాల్వు పెడతరో, ఏది ప్యాకేజీల వస్తదో ఆరోగ్యమిత్రను ముందే అడుగు, చేరినంక కాదు. కాజీపేట నుంచి పొద్దున రైలు పట్టుకుంటే చెకప్‌లకు పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు, నేను అట్లనే చేసేది.
పన్ను పీకించుకున్నా, శుభ్రం చేయించుకున్నా వాల్వు ఉన్నదని ముందే చెప్పాలె. దానికి ముందు యాంటీబయాటిక్ ఇస్తరు.

నర్సంపేట_తమ్ముడు:
రాసుకున్న అన్నా. ఇంకొక్కటి. రుమాటిక్ జ్వరం మళ్ళ రాకుండ 21 రోజులకోసారి ఇచ్చే పెన్సిలిన్ సూది వాల్వు మార్చినంక బంద్ చేయొచ్చా? అక్కకు ఆ సూది అంటే భయం, నడుస్తే కూడ నొప్పి అంటది.

ఐసీయూ_నైట్‌డ్యూటీ:
చేయొద్దు. అందరు చేసే పని అదే, వాల్వు మారింది గదా ఇంకెందుకు అని. మారింది ఒక్క వాల్వు, మిగతా మూడు ఆమెవే. జ్వరం మళ్ళ వస్తే అయోర్టిక్‌కు పట్టొచ్చు. వాల్వు దెబ్బతిన్నోళ్లకు 40 ఏండ్ల దాక, కొందరికి జీవితాంతం ఇస్తరు. రక్తం పలుచబడే గోలీల మీద ఉంటే సూది జాగ్రత్తగ ఇయ్యాలె, ఇచ్చే సిస్టర్‌కు చెప్పుండ్రి. నొప్పికి సూది మందును గది వేడికి రానిచ్చి మెల్లగ ఎక్కిస్తే కొంచెం నయం.

మందులషాపు_కాజీపేట:
మీ ఇంట్ల చిన్న పిల్లలుంటే గొంతునొప్పి, జ్వరం వచ్చినప్పుడు గోలీ అడిగి తీసుకపోవుడు కాదు, డాక్టర్‌కు చూపియ్యుండ్రి. మా షాపుకు రోజు వస్తరు, "గొంతుకు ఒక రెండు గోలీలు ఇయ్యి" అని. రెండు గోలీలతోని పోదు అది, మందు పూర్తిగ వాడాలె.

జగిత్యాల_అమ్మ:
తమ్మీ, ఆపరేషన్ తారీఖు ఖాయమైతే ఇక్కడ రాయి. అక్కది ఏ బ్లడ్ గ్రూపు? హైదరాబాద్‌ల మా చెల్లె కొడుకు వాళ్ల దోస్తులు రక్తం ఇస్తరు, అడుగుత.

నర్సంపేట_తమ్ముడు:
బి నెగెటివ్ అక్కా. సోమవారం పోతున్నం, తారీఖు చెప్పంగనే రాస్త.